పిల్లిపిల్ల పెంపకం – ఇంటివారి బాధ్యత

పిల్లిపిల్లను డబ్బిచ్చి కొనే అలవాటు డెల్టా పల్లెల్లో లేదు. బాపట్ల జిల్లా నగరం మండలంలో (పేరుకు నగరమే గాని చుట్టూ వరిచేలున్న పల్లెసీమ అది) ఎవరింటి అటకమీదనో, గడ్డివాము చాటునో పిల్లి మూడు నాలుగు పిల్లల్ని పెడుతుంది. అవి కళ్ళు తెరిచి ఇల్లంతా తిరగడం మొదలుపెట్టగానే ఆ ఇంటివారు ఒకదాన్ని పట్టుకుపొమ్మని ఇరుగుపొరుగును బతిమాలుతారు. పిల్లలు ముచ్చటపడతారు, తల్లి సరేనంటుంది, చేతిసంచిలో ఆ ప్రాణి కొత్త ఇంటికి చేరుతుంది. ఇచ్చినవారికి భారం తగ్గింది. పుచ్చుకున్నవారికి పైసా ఖర్చు కాలేదు. పన్నెండు, పదిహేనేళ్ళపాటు ఒక ప్రాణికి కావలసిన తిండీ, నీరూ, వైద్యమూ ఆ సంచితోపాటే చేతులు మారాయన్న సంగతి మాత్రం ఉభయులకూ తోచదు.

అలా తోచకపోవడానికి కారణం లేకపోలేదు. ధాన్యం నిలవ చేసిన చోటికి ఎలుక వస్తుంది, ఎలుక ఉన్నచోటికి పిల్లి వస్తుంది. మనిషికీ పిల్లికీ సంబంధం ఏర్పడింది ఈ దారినే అని పండితుల అభిప్రాయం. సైప్రస్ ద్వీపంలో సుమారు 9,500 ఏళ్ళనాటి ఒక మనిషి సమాధి ప్రక్కనే పిల్లిని కూడా పూడ్చి ఉంచినట్లు 2004లో బయటపడింది. కృష్ణా పడమటి డెల్టాలో ఈ సంబంధం నిన్న మొన్నటిదాకా అదే తీరున నడిచింది. ఇంట గాదెలు, పురులు, బస్తాలు. పొలంలో ఎలుక కన్నాలు. చేలో ఎలుకలు పట్టడానికి యానాదులను పిలిచేవారు, ఇంట్లో ఎలుకల సంగతి పిల్లికి వదిలేవారు. తాటాకు కప్పు, తెరిచి ఉన్న తలుపులు, పెరటి గోడమీద దారి. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందని సామెతగా చెప్పుకుంటారు. నిజానికి అది ఏడిళ్ళ పిల్లే. ఒక ఇంట మజ్జిగన్నం, మరో ఇంట చేపముళ్ళు, మిగిలినది దాని వేట. ఎవరి పిల్లి అని అడిగితే ఎవరూ తమదనరు, అలాగని ఎవరూ తరిమివేయరు.

ఈ సగం సొంతపు పద్ధతిలో పిల్లికి పెద్ద నష్టం జరగలేదు. దాని జీవనోపాధి దానికి ఉన్నది గనుక, ఒక ఇంటివారు పెట్టకపోయినా అది బతికేది. చిక్కు వచ్చింది ఇళ్ళు మారిన తరువాత. రేపల్లెలో, తెనాలిలో, బాపట్లలో ఇప్పుడు స్లాబు ఇళ్ళు, ఇనుప గ్రిల్లులు, మేడమీద వాటాలు. పల్లెలో సైతం ధాన్యం కళ్ళంలోనుంచే అమ్ముడుపోతున్నది, ఇంట గాదె లేదు. అటువంటి ఇంటికి పిల్లిపిల్లను తెచ్చి తలుపు వేసుకున్నవారు పాతకాలపు లెక్కనే మనసులో ఉంచుకొని, దాని తిండి అదే చూసుకుంటుందని భావిస్తారు. వేటకు దారి మూసివేశామని, ఆ వేటకు బదులు తామే పెట్టవలసి వచ్చిందని వారికి తట్టదు.

ముస్లిం పాఠకులకు చిరపరిచితమైన ఒక హదీసు సరిగ్గా ఈ విషయం మీదనే ఉన్నది. ఒక స్త్రీ ఒక పిల్లిని కట్టివేసిన కారణంగా నరకశిక్షకు గురైందని దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) తెలిపినట్లు హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి), హజ్రత్ అబూ హురైరా (రజి) గార్ల ద్వారా బుఖారీ, ముస్లిం గ్రంథాలలో నమోదైంది. వాజ్‌లలో ఈ సంఘటనను చెప్పేటప్పుడు ఆమె క్రూరత్వాన్ని వర్ణించడంతో సరిపుచ్చుతారు. హదీసు అంతటితో ఆగలేదు. ఆమె తప్పును రెండు ముక్కలుగా విడదీసి చూపింది: బంధించినప్పుడు ఆమె దానికి తిండి, నీరు ఇవ్వలేదు, పోనీ నేలమీది పురుగూ పుట్రా తిని బతికేందుకు వదలనూ లేదు. అంటే ఆమె ముందు ధర్మసమ్మతమైన దారులు రెండున్నాయి. కట్టిపెట్టి తిండి పెట్టవచ్చు. తిండి పెట్టలేకపోతే వదిలివేయవచ్చు. ఆమె కట్టింది, పెట్టలేదు. ఆమె ఆ పిల్లిని కొట్టినట్లుగాని, హింసించినట్లుగాని హదీసులో లేదన్నది గమనించదగ్గ విషయం. స్వేచ్ఛను తీసుకొని దానికి బదులు చెల్లించవలసినది చెల్లించకపోవడమే నేరమైంది. ఈనాటి గ్రిల్లు తలుపు ఆనాటి తాడుకంటే మెత్తనిదేమీ కాదు. ఇల్లు ఎంత గట్టిగా మూసి ఉంటే పిల్లికి ఇంటివారు అంత ఎక్కువ బాకీపడతారు.

ఇక్కడ ఒక ప్రచారాన్ని గురించి చెప్పుకోవాలి. పిల్లిని ప్రేమించడం ఈమాన్‌లో భాగమన్న మాట హదీసుగా చాలాచోట్ల వినిపిస్తుంది. హదీసు విద్వాంసులు, వారిలో ముల్లా అలీ ఖారీ (రహ్మ) వంటివారు, అది దైవప్రవక్త (స) మాట కాదని, కల్పితమని స్పష్టం చేశారు. ప్రవక్తగారి అంగీమీద పిల్లి నిద్రపోతే దాన్ని లేపడం ఇష్టంలేక చేతిగుడ్డను కత్తిరించుకున్నారన్న కథకు కూడా ప్రామాణికమైన హదీసు గ్రంథాలలో ఆధారం లేదు. ముచ్చటైన కథే. కాని ప్రామాణికంగా వచ్చిన హదీసులు పిల్లిమీద మురిపెం గురించి మాట్లాడలేదు. తిండి, నీరు, వదిలిపెట్టడం, పట్టి ఉంచడం గురించి మాట్లాడాయి. మురిపెం పిల్లిపిల్ల చిన్నగా ఉన్న మూడు నెలలూ ఎవరికైనా ఉంటుంది. ఆ తరువాతి పద్నాలుగేళ్ళకు కావలసింది వేరే.

పిల్లిపిల్లతో కాలక్షేపం చేయడం తప్పు అని దీని అర్థం కాదు. హజ్రత్ అబూ హురైరా (రజి) గారికి ఆ పేరే పిల్లిపిల్ల మూలంగా వచ్చింది. తాను తన వారి మేకలు కాసేవాడినని, తనకొక చిన్న పిల్లి ఉండేదని, రాత్రివేళ దాన్ని చెట్టుమీద ఉంచి, పగలు వెంట తీసుకుపోయి దానితో ఆడుకొనేవాడినని ఆయనే చెప్పినట్లు తిర్మిజీలో ఉన్నది. బీదరికంలో పెరిగిన ఆ కాపరి పిల్లవాడు రాత్రి దాని భద్రత సంగతి కూడా చూసుకున్నాడు. పైన చెప్పిన కట్టివేసిన పిల్లి హదీసును అందించినవారిలో ఆయన ఒకరు కావడం కూడా విశేషమే.

ధర్మశాస్త్రవేత్తలు ఈ హదీసుల వెలుగులో పశుపోషణను ఒక హక్కుగా చర్చించారు. యజమాని తన పశువుకు తిండి పెట్టకపోతే ఖాజీ జోక్యం చేసుకొని, పెట్టమనిగాని, అమ్మివేయమనిగాని, తినదగిన పశువైతే జిబహ్ చేయమనిగాని బలవంతం చేయవచ్చునని మాలికీ, షాఫయీ, హంబలీ పండితులు అన్నారు. హనఫీ మస్లక్‌లో ఇది యజమాని దైవం ముందు జవాబు చెప్పుకోవలసిన విధి అని, న్యాయస్థానం బలవంతం చేయదని ప్రసిద్ధ అభిప్రాయం. ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మ) మాత్రం బలవంతం చేయవచ్చునన్నారు. ఖాజీ అడగవచ్చునా లేదా అన్న దగ్గరే భేదం గాని, పోషణ విధి అన్న దగ్గర భేదం లేదు. డెమాస్కస్‌లో పుట్టి హిజ్రీ 660 (క్రీ.శ. 1262)లో కైరోలో కన్నుమూసిన ఇమామ్ ఇజ్జుద్దీన్ బిన్ అబ్దుస్సలామ్ (రహ్మ) మరొక అడుగు ముందుకు వేశారు. మనిషిమీద పశువులకున్న హక్కులను లెక్కిస్తూ, అది ముసలిదై, జబ్బుపడి, ఇక ఎందుకూ ఉపయోగపడని స్థితికి వచ్చినా దానికయ్యే ఖర్చు భరించాలన్నదాన్ని మొదట చేర్చారు. ఎలుకలు పట్టడం మానేసిన పిల్లి విషయంలో ఈ మాట ఎంత బరువైనదో ఆలోచించవచ్చు.

ఇక ఆచరణలోకి వస్తే, మొదటి ప్రశ్న పిల్లను ఎప్పుడు తేవాలన్నది. కళ్ళు తెరవగానే, రెండు మూడు వారాల పసికూనను తల్లినుంచి విడదీసి తెచ్చి, దూదివత్తితో ఆవుపాలు తాగించడం పల్లెల్లోనూ పట్టణాల్లోనూ చూస్తుంటాము. అటువంటివాటిలో చాలా పిల్లలు వారం తిరగకుండా చనిపోతాయి. ఎనిమిది వారాలు నిండేవరకు పిల్ల తల్లి దగ్గరే ఉండాలి. తల్లిపాలలో వచ్చే రోగనిరోధక శక్తి ఒక్కటే కాదు, గోళ్ళు దాచుకొని ఆడటం, కరవకుండా పట్టుకోవడం, మట్టిలో మలవిసర్జన చేసి కప్పిపెట్టడం తల్లినీ తోడబుట్టినవాటినీ చూసి అది నేర్చుకొనేది ఆ వారాలలోనే. అదే కాలంలో, రెండు నుంచి ఏడు వారాల మధ్య, మనిషి చేయి తగిలిన పిల్ల మచ్చికవుతుంది. అందుచేత కావలసినవారు తల్లి ఉన్న ఇంటికే రోజూ వెళ్ళి పిల్లను చేతిలోకి తీసుకొని అలవాటు చేసుకొని, రెండు నెలలు నిండాక తెచ్చుకోవడం మేలు. ఒక ప్రయాణంలో కొందరు సహాబీలు ఒక చిన్న పక్షి పిల్లలు రెంటిని తీసుకున్నప్పుడు తల్లిపక్షి రెక్కలు కొట్టుకుంటూ తిరగడం చూసి, దీన్ని పిల్లల విషయంలో క్షోభపెట్టినదెవరని ప్రశ్నించి, వాటిని తిరిగి ఇచ్చివేయవలసిందిగా దైవప్రవక్త (స) ఆదేశించినట్లు హజ్రత్ ఇబ్నె మస్ఊద్ (రజి) ద్వారా అబూ దావూద్‌లో ఉన్నది.

డబ్బుపెట్టి కొనే సంగతి కూడా ఒక మాట. విజయవాడ, గుంటూరు వంటి చోట్ల బొచ్చు దట్టంగా ఉండే పర్షియన్ జాతి పిల్లలను వేల రూపాయలకు అమ్ముతున్నారు. పిల్లి వెల తీసుకోవడాన్ని నిషేధించిన హదీసు హజ్రత్ జాబిర్ (రజి) ద్వారా ముస్లింలో ఉన్నది. దాన్ని కొందరు యథాతథంగా తీసుకున్నారు. నాలుగు మస్లక్‌ల పండితులలో అత్యధికులు ఇది ఉచితంగా ఇచ్చిపుచ్చుకోవడం మంచిదని చెప్పే మాటగా గ్రహించి, అమ్మకాన్ని అనుమతించారు. ఊరి పిల్లి ఉండగా, రోజూ దువ్వవలసిన బొచ్చున్న జంతువును డెల్టా ఉక్కలోకి తెచ్చిపెట్టడం ఎంతవరకు దయ అన్నది వేరే ప్రశ్న.

ఖర్చులో పెద్దది తిండి. ఆవుకు గడ్డి ఎటువంటిదో పిల్లికి మాంసం అటువంటిది. అది ఇష్టం కాదు, దాని శరీర నిర్మాణం. పాలన్నం, మజ్జిగన్నం పెట్టి సాకుతున్నామనుకొనేవారి పిల్లి నిజానికి ఎలుకలు, బల్లులు తిని బతుకుతుంటుంది. అదే పిల్లిని ఇంట్లో మూసి పెట్టి పాలన్నమే పెడితే అది క్రమంగా చెడిపోతుంది. మాంసంలోనూ చేపలోనూ ఉండే టారిన్ అనే పదార్థాన్ని పిల్లి శరీరం తనకు సరిపడా తయారు చేసుకోలేదు. అది అందకపోతే పిల్లి కంటిలోని రెటీనా క్షీణిస్తుందని 1975లోను, గుండె కండరాలు పలచబడి సాగిపోతాయని 1987లోను అమెరికాలో పరిశోధకులు నిరూపించారు. పాల సంగతి మరీ విచిత్రం. పాలు మరచిన పిల్లికి పాలలోని చక్కెరను అరిగించుకొనే శక్తి తగ్గిపోతుంది. గిన్నెడు పాలు తాగిన పిల్ల మర్నాడు విరేచనాలతో నీరసించిపోవడానికి చాలాసార్లు అదే కారణం. పిల్లికి కావలసిన పానీయం మంచినీరు. రోజూ కడిగిన గిన్నెలో, రోజూ మార్చిన నీరు.

నగరం, నిజాంపట్నం ప్రాంతంలో చేప దొరకడం కష్టం కాదు. కవళ్ళు, నెత్తళ్ళు, చెరువు పరిగెలు వంటి చిన్న చేపలు పిల్లికి మంచి ఆహారమే. అయితే ఉడికించి పెట్టాలి. కొన్ని రకాల పచ్చి చేపల్లో బి1 విటమిన్‌ను నాశనం చేసే పదార్థం ఉంటుంది, ఉడికిస్తే అది పోతుంది. ఉడికించిన నీటిలోకి టారిన్ దిగుతుంది గనుక ఆ నీటిని పారబోయకుండా తిండిలోనే కలపాలి. ఉప్పుచేప వద్దు. కారం, మసాలా, ఉల్లి, వెల్లుల్లి పడిన కూర అసలు వద్దు. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తకణాలను దెబ్బతీస్తాయి. ఏళ్ళ తరబడి చేప ఒక్కటే పెట్టడం కూడా మంచిది కాదు. కోడి కార్జం కొద్దిగా, కోడి గుండెకాయ, ఉడికించిన గుడ్డు మార్చి మార్చి పెట్టాలి. ఉడికించిన ఎముకలు చీలి గొంతులో గుచ్చుకుంటాయి.

లెక్క వేసి చూస్తే విషయం తెలుస్తుంది. నాలుగు కిలోల బరువున్న ఎదిగిన పిల్లికి రోజుకు ఉరమరగా 150 గ్రాముల చేపో మాంసమో కావాలి. ఏడాదికి దాదాపు 55 కిలోలు. పదిహేనేళ్ళు బతికితే ఎనిమిది క్వింటాళ్ళ పైమాట, అనగా 75 కిలోల ధాన్యపు బస్తాలు పదకొండింటి బరువు. నిజాంపట్నంలో చేప చవకగా ఉన్న రోజున దాని ధరతో ఈ అంకెను హెచ్చించి చూసుకున్నా, ఉచితంగా వచ్చిన పిల్లి వెల ఎంతో తేలుతుంది. పరమ లోభిని తెలుగువారు పిల్లికి కూడా బిచ్చం పెట్టడంటారు. పిల్లికి పెట్టేది బిచ్చమన్న ఊహ ఆ మాటలోనే ఉన్నది. ఇంట పెట్టి తలుపు వేసుకున్న పిల్లికి పెట్టేది బిచ్చం కాదు, దాని హక్కు.

తిండి తరువాత వైద్యం. పిల్లిపిల్లల్ని రెండు మూడు రోజుల్లో పొట్టనపెట్టుకొనే పాన్‌ల్యూకోపీనియా అనే వైరస్ జబ్బుకు సూటిగా పనిచేసే మందు లేదు, టీకా ఉన్నది. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాల ఎడంతో పదహారు వారాలు నిండేవరకు ఆ టీకాలు వేయించాలి. పొట్టలో పురుగులకు మందు పట్టించాలి. మూడు నెలలు నిండాక రేబిస్ టీకా వేయించి, ఆ తరువాత పశువైద్యుడు చెప్పిన ప్రకారం ఏటేటా మళ్ళీ వేయించాలి. రేబిస్ కుక్కకే వస్తుందన్నది అపోహ. పిల్లికీ వస్తుంది, పిల్లి కాటువల్ల మనిషికీ వస్తుంది, వచ్చిన తరువాత బతికేవారు దాదాపు లేరు. ఇంటి పిల్లి అని చూడకుండా, టీకా లేని పిల్లి కరిచినా, రక్తం వచ్చేలా గీరినా ఆ గాయాన్ని పారే నీటితో సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళాలి. అక్కడ మనుషులకు ఇచ్చే రేబిస్ టీకా ఉచితం. పసుపు అద్దడం, మంత్రం వేయించడం, తాయెత్తు కట్టడం ప్రాణం మీదికి తెస్తాయి.

పశువైద్యం విషయంలో ఒక ఇబ్బంది ఉన్నది. మండల కేంద్రాల్లోని పశువైద్యశాలలు ప్రధానంగా గేదెలకు, మేకలకు ఏర్పడినవి. పిల్లి టీకా అక్కడ ఎప్పుడూ దొరుకుతుందని చెప్పలేము. తెనాలికో గుంటూరుకో పోవలసి రావచ్చు. కష్టమైన జబ్బయితే తెనాలి, విజయవాడ దాటి గన్నవరంలోని ఎన్.టి.ఆర్. పశువైద్య కళాశాల దాకా వెళ్ళాలి. పిల్లిని బుట్టలో పెట్టుకొని బస్సు మారి వెళ్ళే ఆ రోజు కూలీ, ఆ చార్జీలు కూడా పెంపకం ఖర్చే. దూరమని బద్ధకించి ఇంట్లో ఉన్న జ్వరంమాత్ర పిల్లికి వేసేవారున్నారు. పారాసెటమాల్ పిల్లికి విషం. దాన్ని విరిచివేసే శక్తి పిల్లి కాలేయానికి లేదు. ఒక్క మాత్ర చాలు, చంపడానికి.

నమాజు జరిగే ఇంట పిల్లి ఉంటే శుభ్రత మాటేమిటని కొందరు శంకిస్తారు. హజ్రత్ అబూ ఖతాదా (రజి) వుజూ నీటిని పిల్లి తాగుతుంటే గిన్నెను దానివైపు వంచారని, తన కోడలు కబ్షా ఆశ్చర్యంగా చూడటం గమనించి, అది అశుద్ధం కాదని, ఇంట మీ మధ్య తిరుగాడేవాటిలో ఒకటని దైవప్రవక్త (స) తెలిపిన మాటను వినిపించారని ఇమామ్ మాలిక్ ముఅత్తాలోనూ, తిర్మిజీ, అబూ దావూద్‌లలోనూ ఉన్నది. పిల్లి ఎంగిలినీరు వేరే నీరున్నప్పుడు స్వల్పంగా మక్రూహ్ అని ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) భావించారు. ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మ) అదీ లేదన్నారు. ఎలుకను తిన్న వెంటనే రక్తపు మూతితో తాగితే ఆ నీరు పనికిరాదు. పిల్లి మలమూత్రాలు మాత్రం నజిస్. జానమాజు మీద, పరుపుమీద అది మూత్రం పోస్తే కడగవలసిందే. కనుక తెచ్చిన రోజునే ఒక మూల పళ్ళెంలో ఇసుక పోసి అలవాటు చేయాలి, ఆ ఇసుకను రోజూ ఎత్తిపోయాలి. రోజూ అనడానికి ఇంకో కారణం ఉన్నది. పిల్లి మలంలో కొన్నిసార్లు ఉండే టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి బయటపడిన ఒకటి రెండు రోజుల తరువాతగాని అంటుకొనే దశకు రాదు. అది గర్భంలోని శిశువుకు హాని చేస్తుంది గనుక గర్భిణీ స్త్రీలు ఆ పని చేయకూడదు, ఇంట మరొకరు చేయాలి. ఈ ఒక్క పనికి ఎవరు పూనుకుంటారన్నది పిల్లిని తేకముందే తేల్చుకున్న ఇంట తరువాత తగాదాలు ఉండవు.

అన్నిటికన్నా బరువైన బాధ్యత ఆడపిల్లి తెచ్చేది. నాలుగు నుంచి ఆరు నెలల వయసుకే అది ఎదకు వస్తుంది. రెండు నెలల గర్భం, నాలుగేసి పిల్లలు, ఏడాదికి రెండు మూడు కాన్పులు. ఒక పిల్లను సరదాగా తెచ్చుకున్న ఇంట ఏడాదిన్నరకు పది పిల్లులు. అప్పుడు జరిగేది అందరికీ తెలిసినదే: గోనెసంచిలో కట్టి, రాత్రిపూట ఊరవతల కాలువగట్టునో, చేపల బజారులోనో విప్పడం. కొందరు మసీదు ఆవరణలోనో దర్గా దగ్గరో విడిచి, అల్లాహ్ ఇంటి దగ్గర వదిలాములే అని సమాధానపడతారు.

ఈ సమాధానం కొత్తది కాదు. ఈజిప్టును పాలించి 1277లో మరణించిన సుల్తాన్ బైబర్స్ కైరో పొలిమేరలో ఒక తోటను దిక్కులేని పిల్లుల తిండికి వక్ఫ్ చేశాడు. ఎడ్వర్డ్ లేన్ అనే ఆంగ్లేయుడు 1836లో ప్రచురించిన తన గ్రంథంలో ఆ వక్ఫ్ గతిని రాశాడు. తోట చేతులు మారి ఆదాయం హరించుకుపోయింది. పిల్లులకు తిండి పెట్టడం చివరికి ఖాజీ నెత్తిన పడింది. రోజూ అసర్ వేళకు ఖాజీ ఆవరణలో పిల్లులు గుమిగూడేవి. నగరంలో పిల్లులను వదిలించుకోదలచినవారు, చంపడానికి మనసొప్పక, ఖాజీగారి ముంగిట తెచ్చి విడిచేవారు. వక్ఫ్ సొమ్ము తిన్నవారెవరో గాని, పిల్లులు మాత్రం తగ్గలేదు. ఖాజీ ముంగిట ఒక పూట తిండైనా ఉండేది. ఊరవతల కాలువగట్టున అదీ లేదు. ఇంట్లో గిన్నె దగ్గర పెరిగిన పిల్లికి వేట రాదు. హదీసు చూపిన రెండో దారి, అనగా వదిలితే అదే బతుకుతుందన్న దారి, దానికి మూసుకుపోయింది. మూసినవారు పెంచినవారే.

చట్టం కూడా దీన్ని నేరమే అన్నది. రుక్మిణీదేవి అరుండేల్ పట్టుదలతో రూపుదాల్చిన 1960 జంతు హింసా నివారణ చట్టం 11వ సెక్షన్ యజమాని తగిన తిండి, నీరు, నీడ ఇవ్వకపోవడాన్ని, ఆకలిదప్పులకు గురయ్యే పరిస్థితిలో విడిచిపెట్టడాన్ని శిక్షార్హం చేసింది. మొదటి తప్పుకు అది విధించిన జుల్మానా పది రూపాయలు మొదలు యాభై రూపాయల వరకు. ఈ యాభై రూపాయలకు ఎవరు జంకుతారు? హదీసులోని స్త్రీకి పడిన శిక్షను తలచుకొనేవారు మాత్రం జంకవలసినదే.

పిల్లలు పుట్టకుండా చేసే శస్త్రచికిత్స విషయంలో ధర్మశాస్త్ర పండితుల మధ్య భేదం ఉన్నది. ప్రయోజనం ఉన్నప్పుడు పశువులకు విత్తులు కొట్టించడంలో దోషం లేదని హనఫీ గ్రంథాలు చెప్పాయి. షాఫయీలు తినదగిన పశువుల్లో, అదీ చిన్న వయసులో మాత్రమే ఒప్పుకున్నారు. ఈ రోజుల్లో ఆ శస్త్రచికిత్స మత్తు ఇచ్చి చేసేది, అర్ధగంటలో ముగిసేది. ఏటా పది పిల్లల్ని కాలువగట్టుకు చేర్చడమా, ఒకసారి తెనాలి వెళ్ళి రావడమా అన్నప్పుడు ప్రయోజనం ఏ ప్రక్క ఉన్నదో హనఫీ ఇంటివారికి వేరే చెప్పనక్కరలేదు. సందేహమున్నవారు తమ ఆలిమ్‌ను అడగాలి, కాని పిల్లి ఎదకు రాకముందే అడగాలి.

డెల్టాకే ప్రత్యేకమైన మరొక జాగ్రత్త ఉన్నది. వరి పొట్టకు వచ్చే రోజుల్లో ఎలుకలకు నూకలు, నూనె కలిపి జింక్ ఫాస్ఫైడ్ లేక బ్రోమడయోలోన్ మందు పెడతారు. బ్రోమడయోలోన్ తిన్న ఎలుక వెంటనే చావదు. కొద్ది రోజులు మందకొడిగా తిరుగుతుంది, పిల్లికి సులువుగా చిక్కుతుంది. ఆ ఎలుకను తిన్న పిల్లి లోలోపల రక్తం కారి చనిపోతుంది. ఊళ్ళో మందు పెడుతున్నారని తెలిసిన రోజు నుంచి పక్షం రోజులైనా పిల్లిని ఇంట ఉంచి కడుపునిండా పెట్టాలి. చిగుళ్ళనుంచి రక్తం, పాలిపోయిన నోరు కనిపిస్తే ఆలస్యం లేకుండా పశువైద్యునికి చూపాలి; కె1 విటమిన్ సకాలంలో అందితే బతుకుతుంది. ఎలుకల కోసమే పిల్లిని తెచ్చుకొని, అదే ఇంట ఎలుకలమందు కూడా పెట్టేవారున్నారు. రెండూ కుదరవు.

ఇంత చూసిన తరువాత తమవల్ల కాదనుకొనే ఇల్లు ఉంటే, ఆ ఇంటివారు తప్పు చేసినట్లు కాదు. తేకపోవడం కూడా ధర్మసమ్మతమైన నిర్ణయమే. ఇంట ముసలివారు, పసివారు ఉండి చేతికి తీరిక లేనివారు, ఏటా నెలల తరబడి తాళం వేసి వలసపోయేవారు పిల్లల ముచ్చట కోసం ఒప్పుకోకపోవడమే మంచిది. ఎదురైతే అపశకునమని తరిమేవారి సంగతి వేరు. శకునాలకు ఇస్లాంలో చోటు లేదు. పిల్లలకు పిల్లిమీద ప్రేమ తీరాలంటే సొంతం చేసుకోనక్కరలేదు. దాహంతో ఉన్న కుక్కకు బావిలో దిగి మేజోడుతో నీరు తోడిపోసిన మనిషి ఆ కుక్కకు యజమాని కాడు. అయినా అతని పాపాలు మన్నించబడ్డాయని, ప్రాణమున్న ప్రతిదాని విషయంలోనూ పుణ్యఫలం ఉన్నదని హదీసు చెబుతున్నది. పెరటి గోడమీద వచ్చిపోయే ఏడిళ్ళ పిల్లికి చూరు క్రింద ఒక మట్టిమూకుడులో నీరు, వండిన రోజున చేపతలలు ఉడికించి ఓ గుప్పెడు. తలుపు తెరిచే ఉంటుంది గనుక అది వస్తుంది, తింటుంది, పోతుంది. వేసవిలో మధ్యాహ్నం వేళకు ఆ మూకుడు ఎండిపోతుంది. జొహర్ నమాజుకు లేచినప్పుడు ఇంట్లో పిల్లవాడెవరైనా దాన్ని మళ్ళీ నింపవచ్చు.